పదకొండేళ్ల వాడికి గిఫ్ట్ కొంటున్నారా, సీటు కొంటున్నారా?

ప్రశ్న: మా బాబుకి వచ్చే నెలలో పదకొండేళ్లు నిండుతాయి. ఈసారి పుట్టినరోజుకి వాడి భవిష్యత్తుకి పనికొచ్చే గిఫ్ట్ ఇద్దామనుకుంటున్నాం. మావారు రోబోటిక్స్ కిట్ అంటున్నారు, ఆన్‌లైన్ కార్ట్‌లో కూడా పెట్టేశారు. నాకు చెస్ బోర్డో టెలిస్కోపో మేలనిపిస్తోంది. వాడేమో మ్యాజిక్ సెట్ కావాలని పట్టుబట్టాడు. మా ఆడపడుచు కొడుకు వీడి ఈడువాడే, కోడింగ్‌లో అప్పుడే రెండు సర్టిఫికెట్లు తెచ్చుకున్నాడు. మావాడు వెనకబడిపోతాడేమోనని టెన్షన్‌గా ఉంది. ముందుముందు కెరీర్‌కి వీటిలో ఏది ఉపయోగమో పోల్చి చెప్పండి. వాడు నలుగురిలో పెద్దగా మాట్లాడడు. ఇంట్లో రెండేళ్ల పాప కూడా ఉంది.

జవాబు: అమ్మా, పోల్చమన్నారు, పోలుస్తాను. కానీ మీ బెంగ గిఫ్ట్ గురించి కాదు. నాకు వచ్చే ఇలాంటి ఉత్తరాల్లో కిట్ పేరు మారుతుంది, బిడ్డ వయసు కాస్త అటూ ఇటూ అవుతుంది. లోపలి భయం మాత్రం ఒకటే: అవతలి పిల్లాడు బస్సెక్కేశాడు, మనవాడు ఇంకా స్టాండులోనే నిలబడ్డాడని. పదకొండేళ్ల వయసుకి ఆ బస్సు డిపోలోంచే బయటికి రాలేదు.

మీవాడు ఉద్యోగంలో చేరడానికి ఇంకా పదేళ్ల పైమాటే. ఈ పుట్టినరోజుకి ఏ డబ్బా విప్పాడో అప్పుడు ఏ ఇంటర్వ్యూలోనూ అడగరు. ఈ వయసులో నిజంగా కంగారు పడాల్సినవి వేరే ఉన్నాయి. చదివింది తన మాటల్లో చెప్పలేకపోవడం, లెక్కలంటే ఒళ్లు ముడుచుకోవడం, దేన్నీ పది నిమిషాలు పట్టుకుని కూర్చోలేకపోవడం. అలాంటివేమైనా ఉంటే టీచరుతో మాట్లాడండి. అవి గిఫ్టులతో తీరేవి కావు. అలాంటిదేదీ మీరు రాయలేదు కాబట్టి మీవాడు దేనిలోనూ వెనకబడలేదనే అనుకుంటున్నాను. మీరూ అలాగే అనుకోండి.

ఇక మీవారి రోబోటిక్స్ కిట్. దీని మీద నాకు అనుమానాలు చాలానే ఉన్నాయి, కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

పిల్లల చేత ప్రోగ్రామింగ్ చేయించాలన్న ఆలోచన కొత్తదేం కాదు, మంచిదే. పిల్లల కోసం 1967లోనే లోగో అనే కంప్యూటర్ భాష తయారైంది. దాన్ని రూపొందించిన వారిలో ఒకరైన సేమర్ పాపర్ట్ కోరుకున్నది, కంప్యూటర్ పిల్లాణ్ని ఆడించడం కాదు, పిల్లాడే కంప్యూటర్‌ని ఆడించాలని. ఇప్పుడు మార్కెట్లో దొరికే కిట్లలో చాలావాటిలో జరిగేది దీనికి తలకిందులు. బొమ్మల పుస్తకంలో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చెప్పినట్టు బిగించుకుంటూ పోతే బండి తయారవుతుంది. కోడు ముందే రాసి ఉంటుంది. వాడు చేసింది అసెంబ్లింగ్. అదీ ఒక పనే, కాదనను. కానీ డబ్బా మీద రాసిన ఇంజనీరింగ్ అది కాదు.

నల్లగీత వెంట నడిచే బండి చాలా కిట్లలో ఉంటుంది. దాని అడుగున రెండు సెన్సర్లుంటాయి. అవి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని కిందికి వదులుతాయి. తెల్లకాగితం దాన్ని తిరగ్గొడుతుంది, నల్లగీత మింగేస్తుంది. ఎడమ సెన్సర్ కింద నలుపు వస్తే ఎడమ చక్రం నెమ్మదిస్తుంది, బండి ఎడమకి తిరుగుతుంది. అంతే సంగతి. కానీ బండి చక్కగా నడిచినంతసేపూ పిల్లాడికి ఇదేదీ తెలియనక్కర్లేదు. వాడి అసలు చదువు, ఆ బండి పొద్దున పూట కిటికీ దగ్గర గీత తప్పి ఎటో పోయినప్పుడు మొదలవుతుంది. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కాబట్టి సెన్సర్ గందరగోళపడుతుంది. రాత్రి బాగానే నడిచిందే, ఇప్పుడేమైంది అని బుర్ర గోక్కుని, బ్యాటరీ మార్చి, గీతని ఇంకా మందంగా గీసి, చివరికి కర్టెన్ వేసి చూసి ‘ఓహో!’ అన్న పిల్లాడికి ఏ కోర్సూ అక్కర్లేదు.

మరి మన ఇళ్లలో ఆ క్షణాన జరిగేదేమిటి? నాన్నగారు వచ్చి, ‘ఇటివ్వరా నేను చూస్తాను’ అంటారు. బండి నడుస్తుంది, వీడియో తీస్తారు, బంధువుల గ్రూపులో పెడతారు. నాలుగు రోజులు పోయాక కిట్ అటకెక్కుతుంది. కోపం తెచ్చుకోకండి గానీ, ఆ వీడియో ఎవరి కోసమో మీకూ తెలుసు.

ఇంకో సంగతి. నిర్దిష్టమైన ఒక బ్రాండు కిట్ నేర్చుకుంటే జీవితమంతా పనికొస్తుందనుకోవడం భ్రమ. 1998లో వచ్చిన లెగో మైండ్‌స్టార్మ్స్ ఎంత పేరున్న రోబోటిక్స్ కిట్! దాన్ని ఆ కంపెనీయే 2022 చివర్లో ఆపేసింది. మీవాడికి నిజంగా కోడింగ్ మీద గాలి మళ్లితే, అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ మీడియా ల్యాబ్ వాళ్లు 2007లో పిల్లల కోసం తెచ్చిన స్క్రాచ్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉంది. పైసా ఖర్చు లేదు. పుట్టినరోజు దాకా ఆగనక్కర్లేదు కూడా.

మీ ఆడపడుచు కొడుకు సర్టిఫికెట్ల గురించి. ఆ బాబుకి నా శుభాకాంక్షలు, నిజంగానే. కాకపోతే మనస్తత్వ శాస్త్రంలో 1973 నాటి ఒక ప్రసిద్ధ ప్రయోగం ఉంది. బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న పిల్లల్ని తీసుకుని, కొందరికి ‘బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పారు. ఇచ్చారు. వారం రెండు వారాలు పోయాక చూస్తే, మిగతావాళ్లతో పోలిస్తే ఈ పిల్లలు స్కెచ్‌పెన్నుల దగ్గర గడిపిన సమయం దాదాపు సగానికి తగ్గింది. వాళ్లు నర్సరీ పిల్లలు, మీవాడి కంటే చిన్నవాళ్లు, కాబట్టి దీన్ని మరీ సాగదీయను. కానీ సరదాగా చేసే పనికి సర్టిఫికెట్ తగిలించేముందు ఒకసారి ఆలోచించుకోవాలి.

చెస్ సంగతి త్వరగా తేల్చేస్తాను. మంచి ఆట. లెక్కలు వస్తాయని మాత్రం కొనకండి. ఇంగ్లండ్‌లో ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ వాళ్లు వంద స్కూళ్లలో పరీక్షించి 2016లో ఫలితం బయటపెట్టారు. దాదాపు పదేళ్ల పిల్లలకి తరగతిలోనే చెస్ నేర్పారు. ఏడాది పోయాక చూస్తే వాళ్ల లెక్కల మార్కుల్లో తేడా కనపడలేదు. ఇంట్లో వాడితో ఆడేవాళ్లుంటే బోర్డు కొనండి. ఎవరూ లేకపోతే అది షోకేసులోకే.

టెలిస్కోప్ అంటే నాకూ ఇష్టమే. అందుకే చెప్తున్నా, డబ్బా మీద 525 రెట్లు అని పెద్ద అంకె చూసి కొనకండి. టెలిస్కోపుకి ముఖ్యం ముందు అద్దం వెడల్పు. ఆ వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లుంటే దానికి రెట్టింపు దాకా మాగ్నిఫికేషన్ పనికొస్తుందని ఒక లెక్క. అంటే 60 మిల్లీమీటర్ల టెలిస్కోపు గట్టిగా 120 రెట్లు చూపిస్తుంది. ఆపైన కనపడేది మసక. దానికి తోడు స్టాండు గడగడ వణికితే, చంద్రుణ్ని ఒకసారి చూసి ‘ఇంతేనా’ అనేస్తాడు. ఆకాశం మీద ఆసక్తి ఉన్నవాడికి 10x50 బైనాక్యులర్స్ (పది రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం 50 మిల్లీమీటర్లు) చాలా నయం. చంద్రుడి మీద గుంటలు, కృత్తికల్లో కంటికి కనపడని చుక్కలు కనిపిస్తాయి. గోడకి ఆనించి కదలకుండా పట్టుకుంటే గురుగ్రహం పక్కన 1610లో గెలీలియో చూసిన ఉపగ్రహాలు కూడా కనిపిస్తాయి. దేనితోనైనా సరే సూర్యుడి వైపు చూడొద్దని మాత్రం ముందే గట్టిగా చెప్పాలి. అయితే ఇదంతా ఆసక్తి ఉన్నవాడికి. మీవాడు నక్షత్రాలు అడగలేదు కదా.

వాడు అడిగింది మ్యాజిక్ సెట్. దాని గురించి మీరు ఒకే ఒక్క వాక్యం రాశారు, అదీ ‘పట్టుబట్టాడు’ అని విసుక్కుంటూ. తర్వాత, ఉత్తరం చివర్లో, వాడు నలుగురిలో మాట్లాడడని రాశారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారా? మాట్లాడని పిల్లాడు, నలుగురి ముందు నిలబడి చేయాల్సిన దాన్నే ఏరికోరి అడుగుతున్నాడు. దేనికోసం అడుగుతున్నాడో వాడికే తెలియకపోవచ్చు. తల్లిగా మీకు తట్టాలి.

చేతిలో నాణెం మాయం చేసే మామూలు ట్రిక్కునే తీసుకోండి. కుడిచేతిలో నాణేన్ని ఎడమచేతిలోకి ఇచ్చినట్టు ఇచ్చి, నిజానికి కుడిచేతిలోనే దాచేస్తారు. వేళ్ల కదలిక ఒక పూటలో వచ్చేస్తుంది. కష్టమంతా కళ్లతోనే. చూపు ఖాళీగా ఉన్న ఎడమచేతి వెంట వెళ్లాలి. దాచిన చేతి వైపు ఒక్కసారి తొంగి చూసినా ఎదుటివాళ్లు పట్టేస్తారు. అంటే వాడు తనకి తెలిసింది పక్కన పెట్టి, ఎదురుగా కూర్చున్నవాళ్లకి ఏం కనపడుతోందో ఊహించుకోవాలి. అద్దం ముందు పదేపదే చేసుకోవాలి. ఆ తర్వాత అందరి ముందూ చేస్తూ దొరికిపోవాలి, నవ్వేసి మళ్లీ మొదలుపెట్టాలి. చేతులతో పాటు మాటలు కూడా నడపాలి కాబట్టి ఏం మాట్లాడాలా అన్న బెంగ ఉండదు, మాటలు ట్రిక్కులోనే ఉంటాయి. దీనివల్ల ఉద్యోగం వస్తుందని నేననను. ఆ మాట రోబోటిక్స్ కిట్ గురించి కూడా అనలేను.

అందుకని సెట్ కొనివ్వండి. పెద్దది అక్కర్లేదు. యాభై ట్రిక్కుల డబ్బాల్లో సగం ప్లాస్టిక్ బొమ్మలే. ఒక మంచి పేకముక్కల కట్ట, నాణేలు, తాడు, ట్రిక్కులు వివరించే పుస్తకం ఒకటి ఉంటే చాలు. గుండీ బ్యాటరీలు, చిన్న శక్తిమంతమైన అయస్కాంతాలు ఉన్న సెట్ మాత్రం వద్దు. రెండేళ్ల పాప చేతికందితే నోట్లో పెట్టుకుంటుంది. రెండు అయస్కాంతాలు కడుపులోకి పోతే పేగుల్ని మధ్యలో ఇరికించుకుని ఒకదాన్నొకటి లాక్కుంటాయి, ఆపరేషన్ దాకా వెళ్తుంది. రోబోటిక్స్ కిట్లు కొనేటప్పుడు కూడా ఇది చూసుకోవాల్సిందే.

ఇచ్చాక మీరు చేయాల్సింది ప్రేక్షకుల్లో కూర్చోవడం. ట్రిక్కు కనిపెట్టేసినా వెంటనే బయటపెట్టకండి. చుట్టాలు రాగానే ‘ఏదీ, ఒక మ్యాజిక్ చేసి చూపించు’ అని నిలబెట్టకండి. చేస్తానని వాడంటే చెయ్యనివ్వండి. నెల తిరక్కుండా మోజు తీరిపోతే డబ్బు దండగైందని సణగొద్దు. ఈ ఈడు పిల్లలు ఒకటి పట్టుకుని వదిలేసి ఇంకోటి పట్టుకుంటూనే తమకేది నచ్చుతుందో తెలుసుకుంటారు. ఆ సంగతి ఇప్పుడు తేలిపోతే, పదిహేనేళ్లప్పుడు ఇంటర్ గ్రూపు ఎంచుకోవడానికి సలహా కోసం నా దగ్గరికి వచ్చినప్పుడు వాడి తరఫున మీరు కాకుండా వాడే మాట్లాడతాడు.

కార్ట్‌లో ఉన్న కిట్ అంటారా, బాబు పేరు మీద మాత్రం వద్దు. మీవారికి అంత ముచ్చటగా ఉంటే ఆయన పుట్టినరోజుకి మీరు కొనివ్వండి. హాల్లో నేల మీద కూర్చుని ఆయన బిగించుకుంటారు. బాబు తనంతట తాను వచ్చి పక్కన కూర్చుని వేలు పెడితే స్క్రూడ్రైవర్ వాడి చేతికిచ్చేసి, ఆయన్ని కాస్త పక్కకి జరగమనండి.