సైనికుడి కథ రాస్తున్న అమ్మాయికి

పెదవాల్తేరు, విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ చదివాను. బస్సులో కిటికీ పక్క సీటు దగ్గర ఇద్దరు ఆడవాళ్ల మాటామాటా చదివాక, సంభాషణ నీకు ఎవరూ నేర్పనక్కర్లేదని తెలిసింది. ఇక అసలు సంగతి. సైన్యంలో చేరి చనిపోయిన ఆ కుర్రాడు ఎవరో నాకు కథలో ఎక్కడా దొరకలేదు. ఊరు ఊరంతా అతన్ని ఒకే కంటితో చూస్తోంది. సైనికుణ్ణి ఏ ఊరూ, ఏ దేశమూ ఎన్నడూ అలా ఒకే కంటితో చూడలేదమ్మా.

మన ఊరినే తీసుకో. నేవీ డే విన్యాసాలు ఆర్కే బీచ్‌లో జరిగిన ఏడాదల్లా జనం పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని మధ్యాహ్నం నుంచే ఇసుకలో చోటు పట్టుకుంటారు. హెలికాప్టర్ నుంచి తాడు పట్టుకుని కమాండో దిగుతుంటే వాళ్ల కళ్లల్లో కనిపించే సంతోషం నిజమైనది. దాన్ని తక్కువ చెయ్యను. కానీ అదే నౌకాదళం ఫిషింగ్ హార్బర్‌లో బోటు నడిపే మనిషికి ‘ఇటు రావద్దు, వెనక్కి తిప్పు’ అనే గొంతు. మల్కాపురంలో ఇల్లు అద్దెకిచ్చే ఆవిడకి ఒకటో తారీఖున అద్దె కట్టి, రెండేళ్లు తిరక్కుండా బదిలీ మీద వెళ్లిపోయే హిందీ కుటుంబం. రాంబిల్లి వైపు నావికా స్థావరం కోసం ఊళ్లూ, ఒడ్డూ వదులుకున్నవాళ్లకి నష్టపరిహారం కాగితం. పెళ్లిళ్ల పేరయ్యకి ‘సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం, క్యాంటీన్ సౌకర్యం ఉంది, కాకపోతే పిల్ల దూరం పోవాలి.’ వీళ్లలో ఎవరూ దేశద్రోహులు కారు, ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. నీ కథలో వీళ్లలో ఒక్కరికీ చోటు లేదు.

బీచ్ రోడ్డులో 1971 యుద్ధ విజయ స్మారకం ముందు నువ్వు చాలాసార్లు నడిచే ఉంటావు. ఆ డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన హార్బరు బయట మునిగిపోయింది. అందులో తొంభై మందికి పైగా ఉన్నారు, ఒక్కరూ బతకలేదు. సముద్రం మీద తేలుతున్న సామాన్లు ముందుగా దొరికింది మన చేపలవాళ్లకే. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన, నీళ్ల లోపల పేలే బాంబుల (డెప్త్ ఛార్జీల) వల్లే మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. లోపలే జరిగిన పేలుడో, తాము పరిచిన మందుపాతరో కారణమని అవతలివాళ్ల మాట. ఆ మనుషులు అక్కడ అమరులు, ఇక్కడ శత్రువులు. మనం సాయంత్రం పల్లీలు తింటూ చూసే నీళ్ల అడుగునే ఆ ఓడ ఇంకా ఉంది. కొంచెం అవతల ఒడ్డు మీద మన కుర్సురా జలాంతర్గామి మ్యూజియంగా ఉంది. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసింది. టికెట్టు కొని లోపలికి వెళ్లు. డెబ్బై మందికి పైగా మగవాళ్లు ఆ ఇరుకులో ఎలా పడుకున్నారో, టార్పెడోల పక్కన పడకలెలా వేశారో చూడు. తర్వాత నీళ్ల కింద ఉన్నవాళ్లూ అలాగే పడుకుని ఉంటారని ఒకసారి తలుచుకో. విజయాన్ని తక్కువ చెయ్యమని అనడం లేదు, అది మన ఊరిని కాపాడిన విజయం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. సముద్రం మీంచి వచ్చే యుద్ధం ఎలా ఉంటుందో ఈ ఊరికి అప్పటినుంచే తెలుసు. ఇవన్నీ ఒకే మనసులో పట్టి ఉంచుకోగలిగితేనే నీ చేతిలో సైనికుడు మనిషవుతాడు.

మిగతా దేశాల సంగతి నీకు పనికొస్తుందని కొంచెం రాస్తున్నాను. అమెరికాలో నిర్బంధ సైనిక సేవ 1973లో ఆగిపోయింది. అంతకుముందు వియత్నాంకి వెళ్లినవాళ్లలో చాలామంది ఇష్టపడి వెళ్లలేదు. తిరిగొచ్చాక వాళ్ల ముఖం చూడటానికే సమాజం ఇబ్బంది పడింది, యుద్ధం మీద కోపం కొంత వాళ్ల మీదకి మళ్లింది. 1982లో వాషింగ్టన్‌లో నల్లరాతి గోడ కట్టి, 58 వేలకు పైగా పేర్లు, చనిపోయిన రోజుల వరసలో చెక్కారు. ఇప్పుడక్కడ యూనిఫాం కనిపిస్తే ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఆగి కృతజ్ఞతలు చెబుతారు. జనాభాలో నూటికి ఒక్కరు కూడా సైన్యంలో లేని కాలం ఇది. వెళ్లేది మన ఇంటివాడు కానప్పుడు కృతజ్ఞత చెప్పడం తేలికవుతుందని నా నమ్మకం. దక్షిణ కొరియాలో దీనికి పూర్తిగా తలకిందులు. ఆరోగ్యంగా ఉన్న ప్రతి మగపిల్లవాడూ ఏడాదిన్నరకు తగ్గకుండా వెళ్లాల్సిందే కాబట్టి, వెళ్లినవాణ్ణి వింతగా చూసేవాళ్లే ఉండరు. కళ్లన్నీ వెళ్లనివాడి మీదే ఉంటాయి. 2018 ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్‌ని ఆ దేశం అంత ఊపిరి బిగబట్టి చూడటానికి ఒక కారణం, బంగారు పతకం గెలిస్తే ఆటగాళ్లకు సేవ నుంచి మినహాయింపు దొరకడం. మనస్సాక్షి ఒప్పుకోక తుపాకీ పట్టనన్నవాళ్లని దశాబ్దాల పాటు జైలుకి పంపుతూ వచ్చారు. వాళ్లకి వేరే సేవ ఏర్పాటు చేసింది 2020లో. అది కూడా మూడేళ్లు, జైళ్లలోనే పని.

జర్మనీ వాళ్ల చూపులో భయం ఉంటుంది, అది తమ చరిత్ర మీద తమకున్న భయం. 1955లో కొత్త సైన్యం కట్టుకున్నప్పుడు, సైనికుడు యూనిఫాంలో ఉన్న పౌరుడేనన్న సూత్రం పెట్టుకున్నారు. సాటి మనిషి గౌరవాన్ని తొక్కే ఆజ్ఞను పాటించనక్కర్లేదని చట్టంలోనే రాసుకున్నారు. 1948లో కోస్టారికా ఏకంగా సైన్యాన్నే రద్దు చేసింది, నాయకుడు సుత్తి పట్టుకుని సైనికుల కోట గోడ కొట్టాడు. ఆ కోట ఇప్పుడు జాతీయ మ్యూజియం. ఇక చైనాలో పాతకాలపు సామెత ఒకటుంది, మంచి ఇనుముతో మేకులు చెయ్యరు, మంచివాడు సిపాయి కాడు అని. సిపాయి అంటే దోపిడీ అని రైతు భయపడిన రోజుల మాట అది. ఆ దేశంలోనే ఇప్పుడు పిల్లలకి సైనికుణ్ణి ఆదర్శంగా చూపిస్తారు. ఇవన్నీ నీ కథలో పెట్టమని కాదు. నీ ఊరివాళ్ల చూపు కూడా కాలం తయారుచేసినదే, దాని వెనక ఎవరి అవసరమో ఉందని గుర్తుంచుకుంటే చాలు.

మన వెనకటి చూపు ఎలాంటిదో ఖడ్గతిక్కన కథ చెబుతుంది. నెల్లూరు రాజు మనుమసిద్ధి తరఫున కాటమరాజు మీదకి వెళ్లి, బలం చాలక వెనక్కి వచ్చాడు. ఇంటికొస్తే భార్య మంచం అడ్డం పెట్టి, పసుపుముద్ద పక్కన ఉంచి ఆడవాళ్లకి పెట్టినట్టు నీళ్లు పెట్టింది. తల్లి విరిగిన పాలు పోసింది. మళ్లీ వెళ్లాడు, చచ్చిపోయాడు. తరతరాలుగా ఆ ఇద్దరి పౌరుషాన్నే మెచ్చుకుంటూ చెప్పుకున్నాం. యుద్ధభూమిలో ఏం చూసొచ్చావని ఆ ఇంట్లో అతన్ని అడిగినవాళ్లు లేరు. నీ కథలో తల్లి కన్నీళ్లు తుడుచుకుని ‘రెండో కొడుకుని కూడా పంపిస్తా’ అంటుంది చూడు, అది సరిగ్గా ఇక్కడినుంచి వచ్చిన మాట. నిజంగా అలా అన్న తల్లులు ఉండొచ్చు, వాళ్లకి చెయ్యెత్తి దణ్ణం పెడతాను. కానీ నీ కథలో తల్లి ఆ మాట అన్నది ఊరు వినాలని. ఇంట్లో తలుపేసుకున్నాక ఆమె ఏమందో నువ్వు రాయలేదు. ఆ రెండో కొడుక్కి పేరు కూడా పెట్టలేదు.

అతని గురించి ఆలోచించు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తెల్లవారకముందే రోడ్డు మీద 1.6 కిలోమీటర్లు టైము చూసుకుంటూ పరిగెత్తే కుర్రాళ్లలో ఒకడు. అతను ఎందుకు పరిగెడుతున్నాడు? దేశం మీద ప్రేమా ఉంటుంది, అక్క పెళ్లి అప్పూ ఉంటుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టవు, విడదీసి రాస్తేనే అబద్ధమవుతుంది. 2022 నుంచి వచ్చిన అగ్నిపథ్ అనే సైనిక నియామక పథకంలో నాలుగేళ్ల సేవ తర్వాత నూటికి పాతికమందినే ఉంచుకుంటారు. మిగిలినవాళ్లు పదకొండు లక్షల పైచిలుకు సేవానిధితో, పింఛను లేకుండా ఇరవైల వయసులోనే ఇంటికొస్తారు. ఆ ఏడు జూన్‌లో ఈ పథకం మీద జరిగిన ఆందోళనలో సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి. అందులో సైన్యంలో చేరాలని కలలు కన్న కుర్రాళ్లే ఉన్నారు. తగలబెట్టడం తప్పే. అయినా ఆ వయసువాడికి యూనిఫాం అంటే ఏమిటో, అది చెయ్యి జారిపోతుందంటే ఎలా ఉంటుందో రాసేవాళ్లు కావాలి. సెలవు మీద వచ్చిన జవానుకి పిల్లనిచ్చిన ఊరే, నాలుగేళ్ల తర్వాత ఇంటికొచ్చిన అగ్నివీర్‌కి పిల్లనిస్తుందా? ఊరి చూపు ఎక్కడ మారుతుందో అక్కడ నిలబడి చూడు. నీ కథ అక్కడుంది.

ఇంకొకటి. 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో తల్వార్ స్థావరంలో నావికులు తిరగబడ్డారు, తినలేని తిండి మీద, తెల్ల అధికారుల బూతుల మీద మొదలైంది. బ్రిటిష్‌వాడికి వాళ్లు ద్రోహులు. బొంబాయి వీధుల్లో జనం వాళ్లకి అన్నం తెచ్చిపెట్టారు, వాళ్ల కోసం తూటాలకు ఎదురెళ్లారు. లొంగిపొమ్మని నచ్చజెప్పింది మన నాయకులే. ఉద్యోగం పోయినవాళ్లని స్వతంత్రం వచ్చాక కూడా తిరిగి తీసుకోలేదు. ఇంత అన్యాయం జరిగినా మన కథల్లో వాళ్లు దాదాపు కనిపించరు. ఎప్పుడైనా నీకు ఓపికుంటే ఆ దారిన వెళ్లు.

ప్రస్తుతానికి ఈ కథే తిరగరాయి. శవపేటిక ఇంటికి చేరిన దగ్గర ఆపకు. పదకొండో రోజు చుట్టాలు వెళ్లిపోయాక మొదలుపెట్టు. పింఛను ఎవరి పేరు మీద రావాలి, భార్య ఇక్కడే ఉంటుందా, పుట్టింటికి వెళ్తుందా, అత్తగారు ఆ అమ్మాయితో ఎలా మాట్లాడుతోంది, ఇవన్నీ ఇంటి మాటలు. తెలుసుకోవాలంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లు. కాగితాల కోసం వచ్చే మాజీ సైనికులు, వాళ్ల భార్యలు అక్కడ కనిపిస్తారు. నోటుపుస్తకం బయటికి తియ్యకు. కథ రాస్తున్నానని ముందే చెప్పు, చెప్పడానికి ఇష్టపడినవాళ్ల దగ్గరే కూర్చో. పేర్లు, ఊళ్లు మార్చు. ‘మిలట్రీ ఆయన’ అని పిలిచే ప్రతి ముసలాయన దగ్గరా సరిహద్దు కథే ఉండదు. ఒకాయన సర్వీసంతా వంటశాలలో చేసుంటాడు, ఇంకొకాయన స్టోర్సులో లెక్కలు రాసుంటాడు. వాళ్లనీ విను.

పత్రికకి ఇప్పుడే పంపకు. తిరగరాసింది ముందు నాకు పంపు, కాగితం మీద రాసి పోస్టులో వేస్తే మేలు, ఫోన్లో చదవడానికి కళ్లు సహకరించడం లేదు. సంక్రాంతికి ఊరెళ్తే మీ అమ్మగారిని అడిగానని చెప్పు.

శుభాకాంక్షలతో,
నీ మేలు కోరే మాస్టారు