సీలర్ డబ్బా మూత ఇప్పుడే తీయొద్దు అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

టార్చి వేసి ట్యాంకు లోపల తీసిన వీడియో చూసినాను. తాతగారి యెజ్డీ మోటారు సైకిలును పలమనేరు షెడ్డులోంచి బయటికి లాగినావు, సంతోషం. మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది కాబట్టి, తాతల నాటి యెజ్డీ ఏదైనా కనీసం ముప్పై ఏళ్ళ రేకు. తుప్పు పట్టకపోతేనే వింత. అయితే ట్యాంకు సంగతి తేలకముందే ఆన్‌లైన్లో సీలర్ (చిల్లులు మూయడానికి ట్యాంకు లోపల పోసి తిప్పే ఎపాక్సీ జిగురు పూత) తెప్పించినావు చూడు, అది తొందరపాటు. ఆ డబ్బా తీసి అటక మీద పెట్టు.

తుప్పు పట్టిన ప్రతి ట్యాంకుకూ లోపల పూత అక్కర్లేదు. చిల్లు లేకపోతే కడిగి, ఆరబెట్టి, పెట్రోలు పోసి నడుపుకోవడమే. పూత సరిగా పట్టకపోతే రెండేళ్ళకో మూడేళ్ళకో పొరలు లేచి, ముక్కలు కాక్‌లోకీ (ట్యాంకు అడుగున పెట్రోలు తిప్పే కుళాయి), కార్బొరేటర్ జెట్‌లోకీ దిగుతాయి. తుప్పును కరిగించడానికి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చాలు. గట్టిపడిన ఎపాక్సీని గీకడానికి చెయ్యి పట్టదు, కరిగించే మందులేమో ఊపిరితిత్తులకు మంచివి కావు. ఎవరో పోసిన పూత పీకి పెట్టమని నా దగ్గరికి వచ్చే ట్యాంకులంటేనే నాకు విసుగు.

కాబట్టి మొదట చిల్లు ఉందో లేదో చూడు. పాత పెట్రోలు తీసేసి, కాక్ విప్పి, అక్కడ బిరడా పెట్టు. మోకాళ్ళ దగ్గరి రబ్బరు ప్యాడ్లు కూడా తీయి, వాటి వెనక నీరు నిలిచి రేకు బయటి నుంచి తినేసి ఉంటుంది. అడుగు భాగమంతా, అతుకుల వెంబడి, కాక్ చుట్టూ ముగ్గుపిండి తడిపి పలచగా పూసి ఆరనివ్వు. లోపల డీజిలు పోసి ఒక రాత్రి వదిలేయి. సూదిమొన అంత చిల్లున్నా తెల్లటి పిండి మీద జిడ్డు మరక పడుతుంది. ఈ పరీక్ష ఇప్పుడొకసారి, కడిగిన తరువాత ఇంకొకసారి చేయాలి. తుప్పే బిరడా మాదిరి చిల్లును మూసి ఉంచుతుంది, అది పోయినాక గానీ అసలు బొక్క బయటపడదు. కంప్రెసర్ గాలి పెట్టి చూస్తామని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు, పలచటి రేకు ఉబ్బిపోతుంది.

చిల్లు కనబడగానే వెల్డింగు షాపుకు పరిగెత్తుతావేమో, ఆగు. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం. మండేది పెట్రోలు ఆవిరి. నిండుగా ఉన్నప్పుడు లోపల గాలికి చోటుండదు, ఖాళీ అయినాక ఆవిరీ గాలీ కలిసి నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటాయి. వారం రోజులు ఎండలో పెట్టినా అతుకుల్లో, తుప్పు పొరల కింద చిక్కిన పెట్రోలు మంట తగలగానే మళ్ళీ ఆవిరవుతుంది. సోడా కలిపిన వేడినీళ్ళతో నాలుగైదు సార్లు కడగాలి. తరువాత పని జరిగే చోటు పైకి వచ్చేటట్లు ట్యాంకును పెట్టి, ఆ చోటు కింద రవ్వంత జాగా తప్ప మిగతాదంతా నీళ్ళతో నింపాలి. మూత తీసే ఉంచాలి. ‘ఏం కాదులే సార్, రోజూ చేస్తాం’ అనే షాపులో ఒక్క నిమిషం కూడా నిలబడొద్దు.

సూది చిల్లులకు వెల్డింగే అక్కర్లేదు. చిత్తూరులో లారీ రేడియేటర్లకు మాటు వేసేవాళ్ళున్నారు కదా, వాళ్ళ చేత సీసం-తగరం మాటు వేయించు. కాల్చిన రాగి కడ్డీతో పని కాబట్టి ట్యాంకు దగ్గర మంట ఉండదు, పెయింటూ అంతగా చెడదు. రేకు పప్పడం మాదిరి వేలికే లోపలికి పోతుంటే మాత్రం మాటు నిలవదు. అప్పుడు ఆ ముక్క కోసి కొత్త రేకు అతికించాల్సిందే. చెన్నై పుదుప్పేటలో పాత ట్యాంకు వెతుక్కోవచ్చు గానీ, అదీ లోపల ఎట్లా ఉంటుందో చూసి కొను. కొత్తగా దొరికే డూప్లికేట్ ట్యాంకుల రేకూ వంపూ నాకు నచ్చవు.

ఇప్పుడు కడుగుడు. అసలు పనంతా ఇక్కడే ఉంది, ఓపిక పట్టు. యెజ్డీకి పెట్రోల్లో ఆయిలు కలిపి పోస్తాం కాబట్టి లోపల జిడ్డు పొర ఉంటుంది. ఆ పొరే ఇన్నాళ్ళూ కొంత కాపాడింది కూడా. కానీ జిడ్డు పోకుండా యాసిడ్ పోస్తే తుప్పును అది ముట్టనే ముట్టదు. గిన్నెలు తోమే లిక్విడూ బట్టల సోడా వేసిన వేడినీళ్ళతో కడుగుతూ పో. లోపలి గోడ మీద నీరు చుక్కలుగా విడిపోకుండా పరుచుకుని జారిందంటే జిడ్డు పోయినట్లు.

పెచ్చులు రాలడానికి గుప్పెడు నట్లు గానీ, పాత సైకిలు చైను ముక్క గానీ వేసి ఊపు. చైనైతే మేలు, ఒక్కటిగా బయటికొస్తుంది. నట్లయితే వేసేటప్పుడు లెక్కపెట్టుకో. ట్యాంకును పాత బొంతలో చుట్టి ఊపాలి, లేకపోతే సొట్టలు పడతాయి.

తరువాత నిమ్మ ఉప్పు. లీటరు వేడినీళ్ళకు 80 నుంచి 100 గ్రాములు కలిపి, మూతి దాకా నింపు. సగం నింపితే పైభాగంలో తుప్పు అట్లాగే ఉండిపోతుంది, నీటిమట్టం దగ్గర గీత కూడా పడుతుంది. కొన్ని గంటలకొకసారి తొంగి చూస్తూ ఉండు. మామూలుగా ఒక పగలూ ఒక రాత్రీ చాలు. బూడిద రంగు ఇనుము కనబడినాక ఇంకా నాననివ్వొద్దు, మంచి రేకును కూడా అది మెల్లగా తింటుంది. పెయింటు మీద పడకుండా మూతి చుట్టూ గ్రీసు పూసి ప్లాస్టిక్ కట్టు. మీ అమ్మ చింతపండు పెట్టి చూడమంటుంది. ఇత్తడి బిందెకైతే సరే, ట్యాంకులో ఆ గుజ్జంతా కాక్ దగ్గర ఇరుక్కుంటుంది. బాత్రూమ్ యాసిడ్ పోసేవాళ్ళు మన దగ్గర శానా మంది. గంటలో తెల్లగా చేస్తుంది, నిజమే. దాంతోపాటు పలచబడిన రేకునూ తినేస్తుంది, కడిగిన తరువాత మళ్ళీ తుప్పు రావడం కూడా అంతే తొందరగా వస్తుంది.

బ్యాటరీ చార్జరుతో, సోడా నీళ్ళతో తుప్పు తీసే పద్ధతి కూడా మంచిదే. దానికి నెగటివ్ వైరు ట్యాంకుకు, పాజిటివ్ వైరు లోపల వేలాడే ఇనుప కడ్డీకి పెట్టాలి. కడ్డీ ట్యాంకును తాకకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే నీళ్ళల్లో విషం తయారవుతుంది. హైడ్రోజన్ బుడగలొస్తాయి కాబట్టి ఆరుబయటే చేయాలి. మొదటిసారికి నీకు నిమ్మ ఉప్పే చాలు.

నిమ్మ ఉప్పు నీళ్ళు తీసేసిన క్షణం నుంచి పరుగే. తడి ఇనుము చూస్తుండగానే నారింజ రంగుకు తిరుగుతుంది. వంటసోడా కలిపిన నీళ్ళు, వెంటనే మంచినీళ్ళు, ఆ వెంటనే ఒక లీటరు ఐసోప్రొపైల్ స్పిరిట్ పోసి అన్ని మూలలకూ తిప్పి వంపేయి. మిగిలిన నీరు దాంతోపాటే పోతుంది. ఆరబెట్టడానికి ఎండ చాలు. స్పిరిట్ ఆవిరి ఉన్న ట్యాంకులోకి హెయిర్ డ్రయ్యర్ పెట్టొద్దు. అందుకే ఈ పని సంక్రాంతి దాటినాక పెట్టుకో. కార్తీకంలో మన వానలకు ఏదీ ఆరదు.

ముగ్గుపిండి పరీక్షలో మళ్ళీ మరక పడకపోతే ఇంకోసారి కడిగి, ఆరబెట్టి, కొంచెం టూటీ ఆయిలు (పెట్రోల్లో కలిపే టూ-స్ట్రోక్ ఆయిలు) పోసి లోపలంతా తడిసేటట్లు తిప్పు. నీ పని అయిపోయింది.

మాటు వేయించినా అక్కడక్కడా చెమరిస్తుంటే అప్పుడు సీలర్. అప్పుడు మాత్రం ఆయిలు చుక్క కూడా తగలనివ్వొద్దు, జిడ్డు మీద ఎపాక్సీ నిలవదు. డబ్బా మీద ఇథనాల్ పెట్రోలుకు పనికొస్తుందని రాసి ఉందో లేదో చూడు. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, పాతకాలపు పూతలు కొన్ని దాంట్లో మెత్తబడి ఊడతాయి. ట్యాంకు ఎండలో ఆరాలి గానీ, సీలర్ కలపడం తెల్లవారుజామున నీడలో జరగాలి. వేడిమి పది డిగ్రీలు పెరిగితే ఎపాక్సీ గట్టిపడే సమయం దాదాపు సగానికి తగ్గుతుంది. మన ఎండల్లో మధ్యాహ్నం కలిపితే గిన్నెలోనే రాయి అవుతుంది. కాక్ మరలో గ్రీసు పూసిన బోల్టు బిగించు. అన్ని వైపులకూ నిదానంగా తిప్పి, మిగిలిందంతా బయటికి కారనివ్వు. మందంగా ఉంటే గట్టి అనుకుంటారు, మడుగు కట్టిన చోటే లోపల పచ్చిగా ఉండి ముందు ఊడేది. డబ్బా మీద రాసినన్ని రోజులు ఆగు, ఒక రోజు ఎక్కువైనా నష్టం లేదు.

తరువాత సంగతి. ఇథనాల్ గాలిలోని తేమను లాగుతుంది, నీరు మితిమీరితే విడిపోయి అడుగుకు చేరుతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. వారం వారం నడిపే బండికి ట్యాంకు నిండుగా ఉంచు. నెలల తరబడి ఆపేటట్లయితే పూర్తిగా ఖాళీ చేసి లోపల ఆయిలు తిప్పి పెట్టు. 2021 నవంబరు వరదల్లో తిరుపతిలో మునిగిన బండ్లలో, వెంటనే ట్యాంకు విప్పి కడిగినవి బాగుపడినాయి, ఎండాకాలం దాకా వదిలేసినవి జల్లెడైనాయి. మూతలోని గాలి రంధ్రం మూసుకుపోలేదు కదా, చూసుకో.

మొదటి రెండు మూడు ట్యాంకుల దాకా పెట్రోలు పైపుకు గాజు ఫిల్టరు పెట్టి, రిజర్వు దాకా పోనివ్వకుండా నడుపు. రిజర్వు పడిందంటే అడుగున ఉన్న మట్టంతా కార్బొరేటర్లోకే. ఘాట్ రోడ్డు ఎక్కడం ఆ తరువాతే. కాక్ వాషర్లు పాతవి వేయొద్దు, ఇథనాల్‌కు ఆగే రబ్బరువి నా దగ్గర ఉన్నాయి. శనివారం మీ అత్త పలమనేరు వస్తుంది, ఆమె చేతికిస్తాను. కాక్ లోపలి జాలీ ఫొటో మాత్రం నాకు పంపించు.

మీ మామ,
తిరుపతి