అమ్మకం లేదు, కార్డులో మాత్రం కోత

బెజవాడ వచ్చినప్పుడల్లా పటమటలో ఎవరో ఒకరు ఫోన్ నా చేతికిచ్చి "ఇదేంటో కాస్త చూడు బాబూ" అంటుంటారు. ఈసారి పక్కింటి బాబాయిగారు. వాళ్లమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. మంగళగిరి గుడ్డతో కుర్తీలు కుట్టి ఆన్‌లైన్‌లో అమ్మాలని ఖాతా తెరిచి, ఈయన ఇచ్చిన యాడాన్ కార్డే (ఈయన క్రెడిట్ కార్డుకు అనుబంధంగా ఇంట్లోవాళ్లకు ఇచ్చేది) అక్కడ పెట్టింది. తెల్లారేసరికి డాలర్లు కట్టయినట్టు ఈయనకు మెసేజ్. "ఇంకా ఒక్కటీ అమ్మలేదంటోంది. ఎవడో కొట్టేశాడేమో, కార్డు బ్లాక్ చేయించనా?" అని ఒకటే టెన్షన్.

ఆగమన్నాను. కొత్తగా వెళ్లినవాళ్లకూ నేను చెప్పేది ఇదే. బ్యాంకు మెసేజ్‌లో కంపెనీ పేరు, ఎంత పోయిందో తప్ప ఏమీ ఉండదు. ఎందుకు తీశారన్నది మీ సెల్లర్ అకౌంట్‌లో, పేమెంట్ల పేజీలో తేదీలవారీగా ఉంటుంది. ముందు అది తెరవండి.

చాలాసార్లు బయటపడేది నెల చందా. అమెజాన్‌లో ప్రొఫెషనల్ ప్లాన్‌కు నెలకు 39.99 డాలర్లు. బీసెంట్ రోడ్డులో షాపు తీసుకుంటే బేరాలున్నా లేకపోయినా అద్దె కట్టాల్సిందే కదా, ఇదీ అంతే. అమ్మకాల డబ్బు ఉంటే అందులోంచి పట్టుకుంటారు, లేకపోతే కార్డు మీద పడుతుంది. నెలకు 40 లోపు అమ్మేవాళ్లకు ఇండివిడ్యువల్ ప్లాన్ చాలు. దానికి నెల చందా లేదు, అమ్ముడైన ఒక్కోదానికి 0.99 డాలర్లు. కమిషన్ మాత్రం రెండిట్లోనూ విడిగా ఉంటుంది.

చేతితో చేసిన వస్తువులు అమ్ముకునే ఎట్సీ సైట్ లెక్క వేరు. కుర్తీ 40 డాలర్లు, పోస్టేజీ 10 అనుకోండి. పోస్టేజీతో కలిపి 50 మీద 6.5 శాతం, అంటే 3.25. పేమెంట్ ప్రాసెసింగ్‌కు 3 శాతం, పైన 25 సెంట్లు, వెరసి 1.75. లిస్టింగ్‌కు, అంటే సరుకు సైట్‌లో పెట్టినందుకు, 20 సెంట్లు. మొత్తం 5.20 పోయింది. ఎట్సీ బయటి సైట్లలో ఇచ్చే ప్రకటన ద్వారా అమ్మకం వస్తే ఇంకో 15 శాతం, అంటే 7.50. కొత్తవాళ్లు గతుక్కుమనేది ఇక్కడే. చిన్న షాపులవాళ్లు సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేసుకోవచ్చు.

ఇండియా కార్డు పెడితే ఇక్కడి బ్యాంకు వాత కూడా ఉంటుంది. చాలా కార్డులకు ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ డబ్బులో కొన్నందుకు బ్యాంకు వేసే అదనపు రుసుము, 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. వందకు నాలుగు రూపాయల పైచిలుకు ఊరికే పోతుంది. అక్కడి బ్యాంకులో ఖాతా తెరవగానే కార్డు మార్చేయండి.

ఇంకోటి, బాబాయిగారి ముందు అనలేదు గానీ, డబ్బుకన్నా పెద్ద విషయం. ఎఫ్-1 వీసా మీద చదువుకునేవాళ్లు, వర్క్ పర్మిట్ లేని హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబసభ్యుల వీసా) వాళ్లు షాపు తెరవకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగాలి. "చిన్న అమ్మకమేగా" అంటే అక్కడ కుదరదు.

న్యాయంగా పడిన చార్జీని చెల్లదంటూ బ్యాంకులో డిస్ప్యూట్ చేస్తే అమ్మకం ఖాతానే ఆపేసే ప్రమాదం ఉంది. పేమెంట్ల పేజీలో ఆ మొత్తం ఎక్కడా కనపడకపోతే, కంపెనీవాళ్లూ మాది కాదంటే, అప్పుడు బ్యాంకుకు వెళ్లండి. అమెరికా క్రెడిట్ కార్డయితే ఆ చార్జీ మొదట కనిపించిన స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేరాలి. ఫోన్‌లో చెప్పాం కదా అని వదిలేయకండి.