పాత అచ్చు, కొత్త డబ్బా: మోడల్ కిట్ల మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ శీర్షికలో ముక్కలు అతికించి కట్టుకునే ఓడలు, ట్యాంకుల ప్లాస్టిక్ కిట్ల ప్రస్తావన వచ్చింది. అంతే, భీమవరం నుంచి కాకినాడ దాకా ఉత్తరాలు వచ్చిపడ్డాయి. మన గోదావరి జిల్లాల్లో ఇంతమంది ఇంట్లో ఒక మూల కూర్చుని ఓడలు కడుతున్నారని తెలిసి చాలా సంతోషమేసింది. అందుకే ఈసారి మొత్తం వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న: ఎయిర్‌ఫిక్స్ వాళ్ల షెర్మన్ ట్యాంకు తెప్పించానండి. డబ్బా మీద 'వింటేజ్ క్లాసిక్స్' అని ఉంది. డబ్బా చూస్తే తళతళలాడుతోంది, లోపల మాత్రం ముక్కల అంచులకి పల్చటి ప్లాస్టిక్ పొర, అక్కడక్కడా గుంటలు, పైభాగం కింది భాగం మీద సరిగ్గా కూర్చోవట్లేదు. నాకు నకిలీ సరుకు అంటగట్టారా? (ఒక పాఠకుడు, భీమవరం)

జవాబు: నకిలీ కాదండి, అసలుదే. పాత సినిమాకి కొత్త పోస్టరేసి రీ-రిలీజ్ చేస్తారు చూడండి, ఇదీ అంతే. డబ్బా కొత్తది, డెకాల్స్ (నీళ్లలో తడిపి అంటించే గుర్తులు) కొత్తవి, ముక్కలు పోసిన అచ్చు మాత్రం 1960ల మొదటి సంవత్సరాల నాటిది. ఉక్కుతో చేసిన అచ్చు రెండు భాగాలుగా ఉంటుంది, వాటిని గట్టిగా బిగించి కరిగిన పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ని ఒత్తిడితో లోపలికి కొడతారు. ఆ అచ్చు చెక్కించడానికే బోలెడు డబ్బు అవుతుంది కాబట్టి ఏ కంపెనీ కూడా దాన్ని పారేయదు, దశాబ్దాల తరబడి దాచి మళ్లీ మళ్లీ వాడుతుంది. వాడగా వాడగా అంచులు అరిగి, బిగింపులో సందు వచ్చి, ప్లాస్టిక్ ఆ సందులోకి పాకుతుంది. మీరు చూసిన పొర అదే, దాన్ని ఫ్లాష్ అంటారు. దళసరిగా ఉన్న చోట ప్లాస్టిక్ ఆలస్యంగా చల్లారి లోపలికి కుంచించుకుపోతే గుంట పడుతుంది. గుండ్రటి మచ్చలు కనిపిస్తే అవి ముక్కని అచ్చులోంచి బయటికి నెట్టే పిన్నుల గుర్తులు.

ఈ అచ్చులు ఎన్ని చేతులు మారాయో తెలిస్తే వాటి మీద గౌరవం పెరుగుతుంది. ఎయిర్‌ఫిక్స్ 1939లో లండన్‌లో మొదలైంది, ముందు గాలి నింపే రబ్బరు బొమ్మలు, తర్వాత దువ్వెనలు చేసింది, 1952లో 'గోల్డెన్ హైండ్' అనే చిన్న ఓడ కిట్‌ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి అమ్మింది. 1986లో అది హంబ్రోల్ చేతికి, 2006లో హార్న్‌బీ చేతికి వెళ్లింది. అచ్చులూ వాటితోపాటే వెళ్లాయి. అమెరికాలో అట్లాంటిస్ అనే చిన్న కంపెనీ 2018లో రెవెల్, మోనోగ్రామ్ అనే కిట్ కంపెనీల పాత అచ్చులు చాలా కొనుక్కుని వాటికి మళ్లీ ప్రాణం పోస్తోంది. అందుకని డబ్బా చూసి కొనకండి, అచ్చు ఏ ఏడాదిదో చూసి కొనండి. స్కేల్‌మేట్స్ అనే సైట్‌లో కిట్ పేరు కొడితే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ వస్తాయి.

ఇక మీ ట్యాంకు సంగతి. ఫ్లాష్‌ని కొత్త బ్లేడుతో గీకేయండి, గుంటలు పుట్టీతో నింపి నీళ్లలో తడిపిన సన్న ఎమరీ పేపర్‌తో రుద్దండి. అతికించే ముందు ప్రతి రెండు ముక్కలూ జిగురు లేకుండా ఒకసారి పెట్టి చూడండి, ఎక్కడ అడ్డుతోందో అక్కడే అరగదీయండి. ట్రాకులు మెత్తటి రకం ప్లాస్టిక్, వాటికి మామూలు జిగురు పట్టదు, స్క్రూడ్రైవర్ కొస వేడిచేసి కొసలు రెండూ కలిపి నొక్కాలి. కొత్తగా వచ్చే కిట్లలో ముక్కలు తెచ్చి పెడితే చాలు కూర్చుంటాయి. పాతవాటిలో మీరే కూర్చోబెట్టాలి. చేతికి పని వచ్చేది అక్కడే అని నా గట్టి నమ్మకం, అందుకే మొదటిసారి చేసేవాళ్లకి కూడా ఇవే కొనమంటాను.

ప్రశ్న: మా తమ్ముడు సంక్రాంతికి కువైట్ నుంచి వస్తున్నాడండి, ఒక్క కిట్ తెమ్మందామని. మన దేశానికి సంబంధం ఉన్న ఓడ ఏదైనా ఉందా, లేకపోతే అన్నీ ఇంగ్లీషువాళ్లవీ జర్మన్లవేనా? (ఒక పాఠకుడు, అమలాపురం)

జవాబు: ఉందండి! ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండునని చూస్తున్నాను. ఎయిర్‌ఫిక్స్ పాత అచ్చుల్లో 1/600 స్కేలు (అంటే అసలు ఓడలో 600వ వంతు) బ్రిటిష్ యుద్ధనౌక 'హెచ్‌ఎంఎస్ అజాక్స్' ఉంది, దాన్ని తెమ్మనండి. అజాక్స్‌కి తోడబుట్టిన ఓడ ఎకిలీజ్. 1939 డిసెంబరు 13న దక్షిణ అమెరికా దగ్గర రివర్ ప్లేట్ యుద్ధంలో ఈ రెండూ, ఎక్సెటర్ అనే ఇంకో ఓడా కలిసి జర్మన్ల యుద్ధనౌక గ్రాఫ్ స్పేని ఎదుర్కొన్నాయి. ఆ ఎకిలీజ్‌నే 1948లో మన దేశం కొనుక్కుంది. అదే మన ఐఎన్ఎస్ ఢిల్లీ. 1961లో గోవా, డయ్యూ విముక్తి పోరాటంలో డయ్యూ దగ్గర అది పనిచేసింది, 1978 దాకా మన నౌకాదళంలో ఉంది.

అజాక్స్ కిట్‌ని ఐఎన్ఎస్ ఢిల్లీగా మార్చాలంటే కొంచెం పని ఉంది. అజాక్స్‌కి ముందు రెండు, వెనక రెండు ఫిరంగి టరెట్లు, ఒక్కోదానికి రెండు గొట్టాలు. ఎకిలీజ్‌కి 1943 జనవరిలో పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవి దగ్గర వెనక వైపు ఎత్తులో ఉన్న టరెట్ మీద బాంబు పడింది, తర్వాత మరమ్మతుల్లో ఆ టరెట్‌ని తీసేసి ఆ చోట విమానాలని కొట్టే చిన్న ఫిరంగులు పెట్టారు. కాబట్టి మన ఢిల్లీకి మూడే టరెట్లు. వెనక ఎత్తులో ఉండే ఆ టరెట్ అతికించకండి. ఢిల్లీ మీద సముద్ర విమానం ఉండేది కాదు, అదీ వదిలేయండి. మాస్టులు మాత్రం మన ఓడ ఫొటోలు దగ్గర పెట్టుకుని మార్చుకోవాలి, స్ప్రూని (ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) కొవ్వొత్తి సెగకి చూపించి మెత్తబడగానే నెమ్మదిగా లాగితే కావలసినంత సన్నటి పుల్లలు వస్తాయి. పూర్తయ్యాక సుమారు 28 సెంటీమీటర్ల పొడవుంటుంది, మన ఇళ్లలో టీవీ పక్కన హాయిగా పడుతుంది.

మీ తమ్ముడి చేత తెప్పించుకోవడమే మంచిది. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు, స్కేలు మోడళ్లు కూడా ఆ తరగతిలోకే వస్తాయి. పార్సిల్‌లో తెప్పిస్తే కిట్ ధర కంటే పై ఖర్చే ఎక్కువ బాధపెడుతుంది. ప్లాస్టిక్ జిగురు సీసా మాత్రం లగేజీలో పెట్టుకోవద్దని చెప్పండి, అది మండే గుణమున్న ద్రవం, విమానంలో ఒప్పుకోరు.

ప్రశ్న: రెవెల్ వాళ్ల పెద్ద 'కట్టీ సార్క్' తెరచాప ఓడ మొదలుపెట్టాను. తెరచాపల తాళ్ల దగ్గరికొచ్చేసరికి టెన్షన్ పట్టుకుంది. మా ఇంట్లో లేసు అల్లే దారం ఎంతైనా ఉంది, వాడొచ్చా? దారం బిగిస్తే కొయ్యలు వంగిపోతున్నాయి కూడా. (ఒక పాఠకురాలు, నరసాపురం)

జవాబు: లేసు అల్లిన చేతులకి ఈ పని వేరే ఎవరూ నేర్పక్కర్లేదండి, ముడి వేయడంలో మీ ముందు మేమెవరం నిలబడలేం. కానీ ఆ నూలు దారానికి నూగు ఉంటుంది, 1/96 స్కేల్లో ఆ నూగు మీసాల్లా కనిపిస్తుంది. పైగా నూలు మన దగ్గరి తేమకి ఒకరోజు బిగుసుకుంటుంది, ఇంకోరోజు వదులవుతుంది. తేనెమైనం ముద్ద మీద రెండు మూడుసార్లు లాగితే నూగు అణుగుతుంది, తేమా తక్కువ పడుతుంది. అంతకంటే పాలియెస్టర్ దారం నయం. కొయ్యల్ని నిలబెట్టే తాళ్లు నల్లవి, తెరచాపల్ని కదిపే తాళ్లు లేత గోధుమరంగువి వాడండి.

ఈ కిట్ అచ్చు 1959 నాటిది, కొయ్యలు వంగడం దీంట్లో అందరికీ ఎదురయ్యేదే. బోలుగా ఉన్న చోట రెండు సగాలు అతికించే ముందు లోపల సైకిల్ పుల్ల ముక్క పెట్టేయండి, జన్మలో వంగదు. సన్నటి అడ్డకొయ్యలకి అది కుదరదు, అక్కడ దారం నిటారుగా ఉంటే చాలు, బిగించకండి. కింద నుంచి పైకి, మధ్య నుంచి బయటికి కట్టుకుంటూ రండి, లేకపోతే కట్టిన దారాల మధ్య వేళ్లు దూరవు.

ప్రశ్న: రంగు వేసి నాలుగు రోజులైనా జిగురుగానే ఉంది. థిన్నర్ ఎక్కువ కలిపితే ఆరుతుందా? (ఒక పాఠకుడు, మలికిపురం)

జవాబు: ఏ థిన్నరండీ? హార్డ్‌వేర్ షాపులో ఎన్‌సీ థిన్నర్ ఇస్తారు, అది పాలీస్టైరీన్‌ని తినేస్తుంది, దయచేసి దాని జోలికి పోకండి. ఎనామిల్ రంగుకి టర్పెంటైన్ చాలు. సముద్రం పక్కన, పైగా వానాకాలం, ఎనామిల్ ఆలస్యంగానే ఆరుతుంది. పల్చటి పూతలు వేసి, ఒక్కోదానికీ మధ్య రెండు రోజులు ఆగండి. ముక్కల్ని ముందు సబ్బు నీళ్లతో కడిగారా? అచ్చుకి పూసిన నూనె మిగిలి ఉన్నా రంగు పట్టదు. స్ప్రే డబ్బాతో వార్నిష్ కొట్టేదుంటే ఎండ బాగా కాసిన రోజు మధ్యాహ్నం కొట్టండి, ముసురులో కొడితే తెల్లగా పాలిపోతుంది.

ప్రశ్న: అంకుల్, 1/72 అంటే ఏంటి? ఓడలకి 1/600, ఇంకోదానికి 1/535 అని ఎందుకు ఉంటుంది? (తొమ్మిదో తరగతి విద్యార్థి, రావులపాలెం)

జవాబు: బాబూ, ఆరడుగులంటే 72 అంగుళాలు కదా. 1/72లో ఆరడుగుల మనిషి సరిగ్గా ఒక అంగుళం ఉంటాడు. ట్యాంకుల 1/76 బొమ్మ రైళ్ల నుంచి వచ్చింది, అసలు అడుగుకి ఇక్కడ 4 మిల్లీమీటర్లు. 1/535 రెవెల్ 1953లో తెచ్చిన యుద్ధనౌక మిస్సోరీది, అప్పట్లో ముందు డబ్బా సైజు అనుకుని దానికి సరిపడా ఓడని కుదించేవాళ్లు, అందుకే అలాంటి వింత అంకెలు. నీ దగ్గరున్న కిట్ పొడవు కొలిచి స్కేల్లోని కింది అంకెతో గుణించి చూడు, అసలు ఓడ పొడవు వస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారు ఎప్పుడో కొన్న కిట్ ఒకటి విప్పకుండా బీరువాలో ఉంది. ఇప్పుడు మంచి ధర వస్తుందా? డెకాల్స్ పసుపురంగులోకి తిరిగాయి. (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: అదే అచ్చుతో కిట్ మళ్లీ విడుదలైతే పాత డబ్బా ధర సాధారణంగా పడిపోతుందండి, డబ్బు కోసం దాచుకోవడం నాకు నచ్చని పని. మీ నాన్నగారు కట్టాలనే కొని ఉంటారు, మీరు కట్టండి. డెకాల్ షీటుని సన్నటి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, ఎండ పడే కిటికీ అద్దానికి లోపలి వైపు, బొమ్మ బయటికి కనబడేలా టేపుతో అంటించండి. కొన్ని వారాల్లో పసుపు చాలావరకు పోతుంది, వానజల్లు మాత్రం తగలనివ్వకండి. తర్వాత అక్కర్లేని ఒక ముక్క కత్తిరించి నీళ్లలో వేసి చూడండి. అది పొడిపొడిగా విడిపోతే మిగతా షీటు మీద మెరుపునిచ్చే (గ్లాసీ) వార్నిష్ పల్చగా కొట్టి, పూర్తిగా ఆరాక ఒక్కోదాన్ని అంచు దగ్గరగా కత్తిరించుకుని వాడుకోండి.