ఉప్పెన గురించి అడగబోయే ముందు

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

నవంబరు 19న బడిలో 1977 నాటి దివిసీమ ఉప్పెనను తలుచుకోవాలని ఉంది, ఎలా చేయమంటారని అడిగావు. వక్తను పిలిచి, దండ వేయించి, రెండు నిమిషాలు మౌనం పాటించి ఇళ్లకు పంపేయడం మాత్రం వద్దు. పదివేల మంది పోయారంటే పిల్లవాడికి ఏం కనిపిస్తుంది? అది ప్రభుత్వం లెక్క, మా వైపు దాన్ని నమ్మనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మా దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారు చేసిన సహాయం, ఎన్టీఆర్, అక్కినేని జోలె పట్టడం మంచి సంగతులే. వాటిని ఎవరో ఒకరు ఎలాగూ చెబుతారు.

నువ్వు పిల్లలను ఇద్దరిద్దరుగా పెద్దవాళ్ల దగ్గరికి పంపు. 'ఉప్పెన గురించి చెప్పండి తాతా' అని మాత్రం అడగనివ్వకు. అలా అడిగితే నలభై ఏళ్లుగా వచ్చినవాళ్లందరికీ అప్పజెప్పిన పాఠమే మళ్లీ అప్పజెబుతారు. నేనూ అంతే. చిన్నవి అడగమను. ఉప్పెన వచ్చిన ఆ శనివారం ఇంట్లో ఏం వండారు? గొడ్ల పలుపులు విప్పారా? నీళ్లు ఏ వైపు నుంచి వచ్చాయి? చేతికి ఏం దొరికింది?

ఈ చివరి ప్రశ్న దగ్గర నెమ్మదిగా ఉండమను. తాటిచెట్టుకు చీరతో కట్టుకున్నవాళ్లున్నారు, తుమ్మకంపను కావలించుకుని తెల్లవార్లూ వేలాడినవాళ్లున్నారు. నాకు తెలిసిన ఒక పెద్దమ్మ ఆ మాట ఎత్తగానే అరచేతులు చూపిస్తుంది, నోరు మాత్రం విప్పదు. అప్పుడు పిల్లలు ఆ చేతులను చూసి రాసుకుంటే చాలు. ఇంకో ప్రశ్న వేయవద్దు. ఫోనులో రికార్డు చేయాలంటే ముందే అడగాలి, వద్దంటే జేబులో పెట్టుకోవాలి.

నా సంగతే చూడు. నా చేయి జారిపోయిన తమ్ముడి గురించి పెళ్లయిన పదకొండేళ్ల దాకా మీ నాయనమ్మకు కూడా చెప్పలేదు. 1990 మే నెలలో మళ్లీ తుపాను వస్తోందని మమ్మల్ని లారీల్లో ఎక్కించి ఒక బడిలో దించారు. ఆ రాత్రి గాలి హోరులో, పిల్లలు నిద్రపోయాక చెప్పాను. ఎవరూ అడగలేదు, దానంతట అదే వచ్చింది. ఆ ఏడాది లక్షన్నరకు పైగా జనాన్ని ముందే తరలించారు. దాదాపు వెయ్యి మంది పోయారు, అదీ తక్కువ కాదు. కానీ 1977తో పోల్చి చూడు.

అందుకే పిల్లలకు మరో సంగతి తప్పకుండా చెప్పు. 1864 నవంబరు 1న బందరును ఉప్పెన ముంచింది, సుమారు 30,000 మంది పోయారు. మాకు బందరు ఎంత దూరం? బస్సులో వెళ్లి సినిమా చూసి వచ్చేవాళ్లం. అయినా 113 ఏళ్ల తరువాత రేడియో తుపాను అంటే మేము గాలివాన అనుకున్నాం, మహా అయితే కప్పు లేచిపోతుందనుకున్నాం. సముద్రం లేచి ఊళ్లోకి వస్తుందని మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. మా తాతలకు వాళ్ల తాతలు చెప్పి ఉంటారు. ఆ మాట ఎక్కడ తెగిపోయిందో గాని, మా దాకా రాలేదు. నాకు పోయినవాళ్ల మీద కంటే ఆ తెగిన చోటు మీదే ఎక్కువ కోపం.

కాబట్టి బడి ఆవరణలో 5 మీటర్ల వెదురు గడ ఒకటి నిలబెట్టించు. అల దాదాపు అంత ఎత్తున వచ్చింది. మీ బడి కప్పు ఎక్కడ ఉంటుందో, గడ కొస ఎక్కడ ఉంటుందో వాళ్లే చూస్తారు, నువ్వు ఏమీ చెప్పనక్కరలేదు. తరువాత ఒక్కొక్కరు తమ ఇంటి నుంచి తుపాను షెల్టరుకు నడిచి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకు రావాలి. నడవలేని మామ్మలు ఉన్న ఇల్లయితే వాళ్లతో పాటు నడవమను. షెల్టరు తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా కనుక్కోమను. నేను అడిగితే ఇద్దరు రెండు పేర్లు చెప్పారు.

నెల మొదట్లో ఒకసారి రా, సొర్లగొంది వైపు వెళదాం. పొద్దున్నే బయలుదేరాలి, సాయంత్రమైతే ఆ పెద్దమ్మ తలుపు వేసుకుంటుంది. శనివారం అసలు వద్దు. వచ్చేటప్పుడు ఆమెకు వక్కపొడి తీసుకురా.

మీ తాతయ్య