అమెరికాలో హెచ్‌ఓఏ (కాలనీలోని ఇళ్ల యజమానుల అసోసియేషన్) ఫీజు కట్టకపోతే ఇల్లు పోతుందా?

పోవచ్చు, బ్యాంకు వాయిదాలు సక్రమంగా కడుతున్నా సరే. అసోసియేషన్ నిబంధనలు కౌంటీ రికార్డుల్లో ఆ స్థలానికే ముడిపడి ఉంటాయి. ఇల్లు కొన్నారంటే వాటికి ఒప్పుకున్నట్టే. బకాయి పడితే అది ఇంటి మీద లీన్‌గా, అంటే ఆ ఇంటిని అమ్మించైనా రాబట్టుకునే హక్కుగా, నిలుస్తుంది.

ఉదాహరణకు టెక్సాస్‌లో, గడ్డి కోయలేదని వేసిన జరిమానా ఒక్కదాని కోసమే ఇల్లు వేలం వేయకూడదు. ఫీజు బకాయికైతే వేయొచ్చు. వేలం జరిగాక నోటీసు పంపిన నాటి నుంచి 180 రోజుల్లో మొత్తం సొమ్ము కట్టి ఇంటిని తిరిగి దక్కించుకునే హక్కు యజమానికి ఉంది. కానీ అప్పటికి లాయరు ఖర్చులు కూడా కలుస్తాయి, అంతదాకా రానివ్వకండి. బకాయిని వాయిదాల్లో కట్టే వీలు ఇమ్మని అసోసియేషన్‌ను ముందే రాతపూర్వకంగా అడగండి.

"మేం స్విమ్మింగ్ పూల్ వాడం, కాబట్టి కట్టక్కర్లేదు" అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. పూల్, పార్కు, రోడ్ల పక్క చెట్ల నిర్వహణ అందరి ఖర్చు. వాడకంతో సంబంధం లేదు.