వెనక కూర్చునే మనిషిని అడిగారా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. నాకు 47 ఏళ్ళు, నా భార్యకు 43. మా అమ్మాయి చదువు కోసం హాస్టల్‌కు వెళ్ళినప్పటి నుంచి ఇంట్లో ఇద్దరమే ఉంటున్నాం. మూడేళ్ళుగా కూడబెట్టిన డబ్బుతో, కాళ్ళు ముందుకు చాపుకుని నడిపే క్రూయిజర్ రకం మోటార్ సైకిల్ కొనాలనుకుంటున్నాను. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350, సూపర్ మీటియర్ 650 రెండూ చూశాను, మనసు 650 మీదే ఉంది. ఆదివారాలు ఒక్కణ్ణే మారేడుమిల్లి వెళ్ళి రావాలని, నెలకొకసారి ఆమెతో అన్నవరం వెళ్ళాలని నా కోరిక. ఆమెకు రెండేళ్ళుగా నడుము నొప్పి ఉంది. షోరూములో 650 చూసి, "ఈ సీటు మీద కూర్చునేది నేనైతే కాదులెండి" అన్నది. అప్పటి నుంచి పది రోజులుగా ముభావంగా ఉంటోంది. ఏ బండి కొనాలి? ఆమెకు ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: మీరు అడిగిన రెండు ప్రశ్నల్లో రెండోదాన్ని ముందు తీసుకుంటాను, ఎందుకంటే అది తేలితే మొదటిది సగం తేలినట్లే. మీ శ్రీమతి ఆ మాట అన్నది బండి గురించి మాత్రమే కాదని నాకు అనిపిస్తోంది. అమ్మాయి వెళ్ళిపోయాక ఇంట్లో మిగిలిన ఇద్దరిలో ఒకరు ఆదివారాలన్నీ కొండల వైపు వెళ్ళే ఏర్పాట్లు చేసుకుంటుంటే, రెండోవారికి ఆ ఆదివారాలు ఎలా గడుస్తాయన్న దిగులు కలగడం సహజం. మీరు ఈ కొనుగోలును ఇద్దరి కోసమని ఆమెకు చెప్పి ఉంటారు. మీ ఉత్తరం చదివితే మాత్రం ముప్పాతిక వంతు మీ కోసమేనని తెలుస్తోంది. ఒంటరిగా బండి నడుపుకుంటూ వెళ్ళాలనుకోవడంలో తప్పేమీ లేదు, పాతికేళ్ళు సంసారం మోసిన మనిషికి నెలకు రెండు ఉదయాలు తనవిగా ఉండాలనిపించడం న్యాయమైన కోరికే. ఆ సంగతిని ఆమెకు ఉన్నదున్నట్లు చెప్పండి: నెలలో ఫలానా రెండు ఆదివారాలు నేను ఒక్కణ్ణే వెళతాను, మిగిలిన రెండూ మనవి, వాటిలో ఎక్కడికి వెళ్ళాలో నువ్వే చెప్పు అనండి. నచ్చజెప్పడం కంటే ఇది తేలిక.

ఇక బండి విషయం. నేను ఇరవై ఏళ్ళకు పైగా మా వారి వెనక కూర్చుని తిరిగిన మనిషిని కనుక, నడిపేవారికి కనబడని ఒక సంగతి చెబుతాను. ముందు కూర్చున్నవారికి రోడ్డు మీద గుంట పది గజాల దూరంలోనే కనబడుతుంది, శరీరం దానంతట అదే సర్దుకుంటుంది. వెనక కూర్చున్నవారికి కనబడేది హెల్మెట్ వెనకభాగం ఒక్కటే. గుంట వచ్చిందని వారికి నడుము చెబుతుంది. క్రూయిజర్‌లో నడిపేవారి నడుముకూ ఈ కష్టం కొంత తప్పదు. ఫుట్‌రెస్టులు ముందుకు ఉండడం వల్ల నడిపేవారి కాళ్ళు చాపుకుని హాయిగా ఉంటాయి గాని, బరువంతా కూర్చున్న చోటే, వెన్ను అడుగుభాగం మీదే పడుతుంది. మామూలు బండి మీదలాగా స్పీడు బ్రేకర్ దగ్గర కాళ్ళ మీద బరువు వేసి కాస్త లేవడం కుదరదు. నడుము నొప్పి ఉన్న మనిషి వెనక సీటు చూసి వెనకాడిందంటే అది పంతం కాదు, ఆమె శరీరం నేర్పిన జాగ్రత్త.

సూపర్ మీటియర్ 650 మంచి బండి. రెండు సిలిండర్ల 648 సీసీ ఇంజను, 52 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే శక్తి), ఇద్దరు కూర్చున్నా జాతీయ రహదారి మీద లారీని దాటడానికి ఆలోచించనక్కరలేనంత బలం. కాని దాని బరువు 241 కిలోలు. మీటియర్ 350 బరువు 191. మధ్యలో ఉన్న తేడా పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు. మీరు ఒక్కరే మారేడుమిల్లి దాటి చింతూరు ఘాట్ మలుపుల్లో వెళ్ళేటప్పుడు ఆ బరువు రోడ్డుకు హత్తుకున్నట్లు ఉండి ఇష్టంగానే ఉంటుంది. అన్నవరం కొండ కింద పార్కింగులో జనం మధ్య, వెనక ఆమె ఎక్కుతూ మీ భుజం మీద చెయ్యి వేసి బరువంతా ఎడమవైపుకు మోపిన క్షణంలో మాత్రం అదే బరువును మీ రెండు కాళ్ళూ మోయాలి. పైగా 650కి నేలకూ బండి అడుగుకూ మధ్య ఉన్న ఎత్తు 135 మిల్లీమీటర్లే, 350కి 170. ఇద్దరి బరువుతో స్ప్రింగులు కుంగాక మన ఊళ్ళ స్పీడు బ్రేకర్ల మీద ఆ తేడా బాగా తెలుస్తుంది.

350లో ఉన్న లోటు కూడా చెప్పాలి. ఇరవై హార్స్‌పవర్ ఇంజను కనుక ఇద్దరితో గంటకు 80 కిలోమీటర్ల దాకా హాయిగా సాగుతుంది, ఆపైన అలసిపోతుంది. ఓవర్‌టేక్ చేసేముందు గేరు దించి, ఎదురుగా ఖాళీ చూసుకోవాలి. మీరు చెప్పిన ప్రయాణాలకు అంతకు మించిన వేగంతో పని లేదన్నది నా అభిప్రాయం. డబ్బు సంగతి కూడా ఉంది: 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న బండ్ల మీద జీఎస్‌టీ 18 శాతానికి తగ్గింది, ఆపైన ఉన్నవాటి మీద 40 శాతానికి పెరిగింది.

కాబట్టి నన్ను అడిగితే 350 అంటాను, వెనక కూర్చున్నవారు వీపు ఆనించుకునే ఒరుగు (బ్యాక్‌రెస్ట్) ఉన్న రకం తీసుకోండి. అయినా నా మాట మీద గాని మీ మనసు మీద గాని కొనకండి. ముందు ఆమెకు వైద్యం చేస్తున్న ఎముకల డాక్టరును బండి మీద గంటన్నర ప్రయాణం చేయవచ్చా అని అడగండి. వద్దంటే అన్నవరం కారులోనో బస్సులోనో వెళ్ళండి. అప్పుడు మీ బండి మీ ఒక్కరిదే, అందులో 650 కొన్నా ఎవరూ తప్పు పట్టరు. సరేనంటే రెండు బండ్లూ చెరొక రోజు అద్దెకో, తెలిసినవారి దగ్గరో తీసుకోండి, షోరూము చుట్టూ తిప్పే రెండు కిలోమీటర్లు దేనికీ చాలవు. గోకవరం దాకా వెళ్ళి టీ తాగి రండి. ఆమె ఏ బట్టలతో రోజూ కూర్చుంటుందో ఆ బట్టలతోనే, కొలతకు సరిపోయిన హెల్మెట్ పెట్టుకుని కూర్చోవాలి. చీరతో ఒక పక్కకు కూర్చునే అలవాటైతే ఒరుగు వల్ల ఉపయోగం లేదని గుర్తుంచుకోండి. బయలుదేరేముందు వెనక షాక్ అబ్జార్బర్లను ఇద్దరి బరువుకు తగ్గట్టు బిగించి, మాన్యువల్‌లో ఇద్దరికని రాసిన లెక్క ప్రకారం టైరులో గాలి పట్టించండి, లేకపోతే పరీక్ష బండికి కాక మన అశ్రద్ధకు పెట్టినట్లవుతుంది. మీరు బ్రేకు వేసినప్పుడల్లా రెండు హెల్మెట్లూ తగులుతున్నాయా, టీ దగ్గర దిగినప్పుడు ఆమె చెయ్యి నడుము మీదకు పోతోందా, ఇవి గమనించండి. 650 మీద సీటు చిన్నదని అంటే, కంపెనీయే అమ్మే టూరింగ్ సీటు, ఒరుగు బిగించిన బండి ఎక్కడైనా దొరికితే దాని మీదా ఒకసారి కూర్చోబెట్టండి. అప్పుడు ఆమె 650యే బాగుందంటే, నిస్సంకోచంగా అదే కొనండి.

ఇంటికి రాగానే ఎలా ఉందని అడగకండి. నడుము నొప్పి మర్నాడు పొద్దున లేచేటప్పుడు గాని బయటపడదు. అప్పుడు అడిగి, ఆ తరవాతే అడ్వాన్సు కట్టండి.